గాలి ఉండాలా, పోవాలా?

పొదిలి,
12-2-2001

మామయ్య బుల్లయ్య గారికి, మేమిద్దరం కులాసాయే, బండికే బాగోలేదు.

మొన్న మిరపకోత కూలీలతో వస్తుంటే పల్లంలో జీపు బ్రేకు పెడలు నేలదాకా దిగిపోయింది. గబగబా నాలుగుసార్లు తొక్కితే ఆగింది. మెకానిక్ ఇషాక్ చూసి "బ్రేకులో గాలి చేరిందన్నా" అన్నాడు. "చేరితే మంచిదేగా!" అన్నాను. షెడ్డులో అందరూ నవ్వారు. మీ లారీ మీద నేర్పేటప్పుడు గాలి ఎక్కందే బండి కదపొద్దన్నది మీరేగా! లారీది గాలిబ్రేకు, జీపుది ఆయిలుబ్రేకు, దీనికి గాలే శత్రువంటాడు. నన్ను పెడలు తొక్కమని, చక్రాల దగ్గర నట్లు వదులుచేసి బుడగలన్నీ తీశాడు. పెడలు గట్టిపడింది. తెల్లారేసరికి మళ్లీ మెత్తబడింది! ఆయిలు చుక్క కారలేదు, మరి గాలి ఎటు దూరింది? మీకు తోచింది వెంటనే రాయండి.

మీ మోకాలి నొప్పి తగ్గిందా? అత్తయ్య పంపిన గోంగూర పచ్చడి అందింది. ఆమెకు నా నమస్కారాలు.

నాగజ్యోతి కూడా కోతకు ఇదే జీపులో వస్తోంది. "మా నాన్న నేర్పిన చెయ్యి, నాకేం భయం" అంటూ పొద్దున్నే ముందు సీట్లో కూర్చుంది. తాళం జేబులో దాచేసి, పోయిందన్నాను. పాపం, ఇల్లంతా వెతుకుతోంది. తొందరగా రాయండి.

మీ అల్లుడు,
యలమంద