ఒంట్లో పేరుకున్న ఇనుము

మరిదికి మీ వదిన దీవెనలు.

ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. మీ అన్నయ్య చేతి వణుకు ముదిరింది. నిన్న ఎవరిదో కొత్త కోటు గుడ్డ అడ్డంగా కత్తిరించేసి, మిషను ముందు తలవంచుకుని కూర్చున్నారు.

పరీక్షలన్నీ చూసి డాక్టరమ్మ చెప్పింది: "ఒంట్లో ఇనుము రక్తంలోకి ఎక్కాలంటే రాగితో పనిచేసే ఎంజైము ఒకటి కావాలమ్మా. మీ ఆయనకది పుట్టుకతోనే లేదు. అందుకే రక్తం తక్కువ. ఇనుమేమో కాలేయంలో, మెదడులో పేరుకుపోయింది."

"రాగి చెంబులో నీళ్లు తాగిస్తే?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "లోటు రాగిది కాదమ్మా, ఆ ఎంజైముది" అంది.

రక్తం తక్కువని ఆరేళ్లుగా ఇనుము మాత్రలు మింగించింది నేనే. వద్దంటే, "మింగితేనే అన్నం" అని బెదిరించేదాన్ని.

ఇది తోబుట్టువులకూ ఉండొచ్చట. "వాణ్ణయినా నిశ్చింతగా ఉండనీ, చెప్పకు" అని మీ అన్నయ్య ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. నీకూ రక్తం తక్కువని రాస్తే, అవే మాత్రలు కొనుక్కోమన్నది నేనే కదా నాయనా! ఇక వేసుకోకు. ఈ ఉత్తరం పట్టుకుని ఇవాళే మీ డాక్టరు దగ్గరికి వెళ్లు.

ఇప్పటికి ఎన్ని మింగావో మాత్రం నాకు రాయకు.

మీ వదిన