డీజే ముందర ఎర్రకోట్లు

నంద్యాల

నాయనా,

ఈడ మేమంతా బాగుండాం. ఫోన్లో మాట్లాడితే నీకు వినపడదు, అందుకే కార్డు రాస్తాండా.

నిన్న వినాయకుని నిమజ్జనానికి మన బ్యాండును పిల్సినారు. అప్పుడే సంబరపడొద్దు. మాకు ఎర్రకోట్లు తొడిగిచ్చి, డీజే బండి ముందర వరసగా నిలబెట్టినారు. "వాయించొద్దన్నా, ఊరికే నోటికాడ పెట్టుకోండి. వీడియోలో పాతకాలం పండగ మాదిరి కనపడాల" అన్న్యాడు కమిటీ శ్రీకాంత్. సరేలే అంటిమి.

గుడి మలుపు కాడికొచ్చేసరికి అలవాటు కొద్దీ క్లారినెట్ ఊదినా. ఆ మలుపులో నువ్వెప్పుడూ వాయించే కీర్తనే. వేళ్లు ఆడతాండాయి, ఊపిరి పోతాంది, డీజే మోతలో నాకే ఒక్క ముక్క వినపడల్యా. చెవులు పోయినాక కూడా నువ్వు పొద్దున్నే కూర్చోని వాయించుకుంటాండావే, అదెట్లుంటాదో అప్పుడు తెల్సింది. స్వరం తప్పినా అడిగేవాడు లేడు. అయినా తప్పనీలేదు.

చెల్లెలు మెహరాజుకు దగ్గు తగ్గిందా? అమ్మ అడిగిన కందిపప్పు మన బ్యాండు షఫీ ఆళ్లగడ్డకు వచ్చేటప్పుడు ఇచ్చి పంపిస్తా. మిద్దె కారేకాడ సిమెంటు పూయించినారా లేదా? అందరికీ నా సలాములు చెప్పు.

వచ్చే ఏడు వరసలో ఇంకొకరు కావాలంట. వాయించడం రాకపోయినా, చెవులు వినపడకపోయినా ఏం కాదంట, కోటు పడితే చాలంట. నీ ఎర్రకోటు ట్రంకు పెట్టెలోనే ఉందా? ఒకసారి తొడుక్కోని చూడు. గుండీలు పడితే ఇద్దరం పక్కపక్కన నిలబడి ఆ మలుపులో ఊదుదాం. ఎవురికీ వినపడదులే.

నీ కొడుకు,
ఖలందర్