దీపాలు వెలుగుతున్నాయి, నెట్ లేదు

వడోద్, సూరత్
సోమవారం, 6 జూలై 2020

పరమేశ్వర్ కేబుల్ అండ్ నెట్ ఆఫీసు యజమాని గారికి,

నమస్కారం. మీ షట్టర్‌కు అంటించిన కాగితం చదివాను. "కరోనా కాలం. లోపలికి రావద్దు, ఫోన్ చేయవద్దు. ఫిర్యాదు రాసి డబ్బాలో వేయండి. జవాబు గ్రిల్‌కు తగిలించి ఉంటుంది." చాలా సంతోషించాను. ఫోన్‌లో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు.

ఈ ఉదయం నుంచి మా ఇంట్లో నెట్ లేదు. మీరు బిగించిన పెట్టె మీద నాలుగు పచ్చ దీపాలూ వెలుగుతున్నాయి. లాప్‌టాప్‌లో మాత్రం ఒక్క పేజీ కూడా తెరుచుకోవడం లేదు. ఇంట్లో నెట్ వాడే వస్తువు అదొక్కటే. బాపుది బటన్ల ఫోన్.

శుక్రవారం పదకొండు గంటలకు నేను చదివిన కాన్వెంట్‌లో మూడో తరగతి టీచర్ ఉద్యోగానికి వీడియోలో ఇంటర్వ్యూ ఉంది. బాపు పనిచేసే పాండేసర మగ్గాల కార్ఖానాలో సగం సాంచలే (మరమగ్గాలే) నడుస్తున్నాయి. ఈ ఉద్యోగం మాకు కావాలి.

ఇట్లు,
సుమన (సోమలింగం గారి అమ్మాయి), రెండో అంతస్తు

తా.క. నేను ఇంతవరకు సెలవు చీటీలు తప్ప ఏమీ రాయలేదు. అందుకే చివర "మీ విధేయురాలైన విద్యార్థిని" అని రాసి కొట్టేశాను.

*

మంగళవారం పొద్దున

సుమన చెల్లెకు,

నీ ఉత్తరం చదివి గుండె జల్లుమన్నది. నాలుగు దీపాలు వెలిగి నెట్ లేకపోవుడు మా ఆఫీసు పుట్టినప్పటి నుంచి లేదు. అయిదింటికే స్తంభం ఎక్కిన. ఏం కనపడ్డదనుకున్నవ్? మన వైరు మీద మీ కింది అంతస్తు రాజమల్లు లుంగీలు ఆరేసిండు! మూడు! వైరు విల్లు లెక్క వంగింది. తీసి ఆయన చేతిల పెట్టి వచ్చిన. ఇగ నెట్ ఉరుక్కుంట వస్తది.

ఇట్లు,
పరమేశ్వర్ కేబుల్ అండ్ నెట్ (ముద్ర)

తా.క. ఒక లుంగీ రంగు వైరుకు అంటింది. పరేషాన్ గాకు, నెట్ తెల్లగనే వస్తది.

*

మంగళవారం సాయంత్రం

పరమేశ్వర్ అన్నకు,

నమస్కారం. నెట్ రాలేదు. రాజమల్లు గారు వచ్చారు.

"ఏందమ్మా గిది? నెట్ ఆయన హెల్మెటు, రెయిన్‌కోటు, మాస్కు ఏసుకొని వచ్చిండు. ఒక్క మాట మాట్లాడలే. తడి లుంగీలు చేతిల పెట్టి పోయిండు. ఎక్కడ కరోనా అంటిందో అని మళ్ల తానం చేసిన, లుంగీలు మళ్ల పిండిన!"

మా గుమ్మం ముందు ఇంతవరకు ఎవరూ అరవలేదు. నేను తలుపు వెనక నిలబడి మూడుసార్లు "క్షమించండి" అన్నాను. మూడోసారికి ఆయన వెళ్లిపోయారు. ఆ మాట తలుపుకే చెప్పాను.

బాపు మాత్రం ధైర్యంగా ఉన్నాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, మెషీన్ సంగతి నేను రోజూ చూస్తున్న గద" అంటున్నాడు.

ఇంక మూడు రోజులే ఉన్నాయి.

సుమన

తా.క. లుంగీలు మొత్తం నాలుగట. మీరు మూడే రాశారు.

*

బుధవారం

సుమన చెల్లెకు,

నాలుగో లుంగీ సంగతి నాకు తెల్వది, ఒట్టు. కానీ నీ ఉత్తరం చదివినంక మనసు ఊకోలే. స్తంభం నుంచి మీ మేడ దాక వైరు మొత్తం మార్చిన. పెట్టె కూడ కొత్తది పెట్టిన, మీ బాపు తలుపు తీసిండు. ఇప్పుడు నీ లైను నూరుకు నూరు మంచిగున్నది.

పాత వైరు గుంజేటప్పుడు దాని ఎంబడి పక్క గల్లీ వైరు కూడ వచ్చింది. పదకొండు ఇండ్లకు నెట్ బంద్. డబ్బాల కాగితాలు పడుతనే ఉన్నయి. ఆ గల్లీల ఉండే చిన్నవ్వకు సీరియల్ పోయింది. ఆమె ఏం రాయలే. డబ్బాల ఒక చెప్పు ఏసి పోయింది.

పరమేశ్వర్ కేబుల్ అండ్ నెట్ (ముద్ర)

తా.క. రెండో చెప్పు కోసం చూస్తున్న. ఒక్కదాన్ని ఏం చేసుకోవాలె?

*

గురువారం

పరమేశ్వర్ అన్నకు,

తప్పు వైరుది కాదు. పెట్టెది కాదు. లుంగీలది అసలే కాదు.

ఈ ఉదయం బాపు షిఫ్టు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. నేను టీ తెచ్చేసరికి తెర మీద ఒక చిన్న గడి కనిపించింది. లాప్‌టాప్ పాతది కొన్నాం, అందులో ముందే ఉన్న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అడుగుతోంది. ఒక ప్రోగ్రాం నెట్‌లోకి వెళ్లాలనుకుంటోంది, ఆపాలా, వదలాలా అని, ఇంగ్లీషులో. ఒక ఎర్ర బటన్, ఒక పచ్చ బటన్. బాపు ఎర్రది నొక్కాడు.

"బాపూ! ఏం చేశావు?"

"ఆపిన."

"ఎందుకు?"

"సాంచ మీద ఏదన్న తేడా కనపడితే ముందుగాల ఎర్ర బటన్ నొక్కాలె బిడ్డా. తెగిన పోగు మీద పచ్చది నొక్కితే బట్టంత ఖరాబైతది. ఇరవై ఆరేండ్ల సంది ఒక్క తాను ఖరాబు కానియ్యలే నేను."

"ఎన్నిసార్లు నొక్కావు?"

"సోమవారం నుంచి రోజూ. నువ్వు తానానికి పోయినప్పుడు వస్తది గిది. నీకెందుకు తక్లీఫ్ అని నేనే చూసుకుంటున్న."

ఆపినవాటి జాబితా తెరిచాను. పద్దెనిమిది పేర్లు. మొదటిది బ్రౌజర్. వీడియో ప్రోగ్రాం కూడా ఉంది. వదలమని నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతోంది. అది లాప్‌టాప్ అమ్మిన కిమ్ ఊరి షాపువాడికే తెలియాలి. షాపు మూసి నాలుగు నెలలైంది.

రేపే ఇంటర్వ్యూ. మీరు ఒకసారి రాగలరా?

సుమన

తా.క. బాపు అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఫ్యాన్ స్విచ్ కూడా నన్నే వేయమన్నాడు. ఇక ఏ బటనూ ముట్టడట.

*

గురువారం మధ్యాహ్నం

సుమన చెల్లెకు,

రేపు తొమ్మిదింటికి వస్త. మీ బాపును ఏం అనకు. నన్ను చూసి మీరిద్దరు అరవొద్దు. ఇంతకంటె రాయను.

(ముద్ర)

తా.క. నాలుగో లుంగీ దొరికింది. గాలికి చిన్నవ్వ మేడ మీద పడితే ఆమె పరదా కుట్టుకున్నది. రాజమల్లును అడుక్కొమ్మను, నేనైతే ఆ ఇంటికి పోను.

*

శనివారం, 11 జూలై

పద్మారాణి అక్కకు,

నమస్కారం. ఈ పేరు రాసి రెండుసార్లు చదువుకున్నాను. వారమంతా అన్నా అని రాసిన మనిషి నిన్న హెల్మెట్ తీస్తే జడ నడుము దాకా జారింది. అరవొద్దని ముందే రాశారు కాబట్టి నేను అరవలేదు. బాపు అరిచాడు.

"నువ్వెవలమ్మా?"

"పరమేశ్వర్ భార్యను, కాకా. ఆయన మార్చిల ఊరికి పోయి, రైళ్లు బందై అక్కడనే చిక్కిండు. నేను స్తంభం ఎక్కబోతే అందరు మగమనిషిని తోలుమన్నరు. అందుకే డబ్బా పెట్టిన. కాగితం మీద గొంతు వినపడది గద."

మీరు కంప్యూటర్‌ను ఆపి, బయటి ప్రోగ్రాంలేవీ నడవని సేఫ్ మోడ్‌లో తెరిచి, పాస్‌వర్డ్ అడిగే ఆ సాఫ్ట్‌వేర్‌నే తీసేశారు. పదిన్నరకు మొదటి పేజీ తెరుచుకుంది. అప్పుడు చిన్నవ్వ కబురు పంపితే పోనన్న ఇంటికే వెళ్లిపోయారు. తర్వాతి సంగతి మీకు తెలియాలి.

పదకొండుకు తెర మీద మళ్లీ ఒక గడి. కెమెరా తెరవనా, వద్దా అని. బాపు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి "వద్దు" మీదికి పోయింది నా వేలే. తెరిస్తే కాన్వెంట్ సిస్టర్‌లు ముగ్గురు నన్ను చూస్తారు. మీరు వేసిన కొత్త వైరు కిటికీలోంచి కనబడింది. కెమెరా తెరిచాను.

నెట్ లేని పిల్లలకు పాఠం ఎలా చెబుతావని సిస్టర్ అడిగారు. ఉత్తరాలు రాస్తానన్నాను. వాళ్లు నవ్వారు. అప్పుడు లుంగీలు, చెప్పు, బాపు, అన్నీ చెప్పాను. ఆరు నిమిషాలు నేనే మాట్లాడానట. ఇంతసేపు ఎవరు మాట్లాడుతున్నారని రాజమల్లు గారు పైకి వచ్చి చూశారు.

ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచే.

మీ చెల్లెలు,
సుమన

తా.క. స్తంభాలు ఎక్కడానికి మీరు ఎవరినో పెట్టుకున్నారని ఊళ్లో ఉన్న పరమేశ్వర్ గారు అనుకుంటున్నారట, పని బాగుంది, ఆ మనిషికి కొత్త చొక్కా కొనిపెట్టమని మీకు చెప్పారట కదా. కొనుక్కోండి. స్కూల్లో నెట్ సరిగా రావడం లేదట, ఎవరినైనా పంపమని సిస్టర్ అడిగారు. ఆ మనిషి పేరు పద్మారాణి అని చెప్పాను.