నాడీన్ గరాజ్

మార్చి 4
డ్యూటీలో ఉండి డైరీ రాయకూడదు. తెలిస్తే మా బాస్ రెన్విక్ నా తోలు తీస్తాడు. రాయకపోతే నేను పోలీసునన్న సంగతి నాకే గుర్తుండేలా లేదు. ఇక్కడ నా పేరు డేల్. ఏడాదిగా ఈ తెల్లజాతి పిచ్చి వెధవల ముఠాలో ఒకడిగా నటిస్తూ, జింక మాంసం తింటూ, నల్లవాళ్ల మీద వాళ్లు వేసే జోకులకి నవ్వుతున్నాను. ఈ మధ్య నవ్వు దానంతటదే వస్తోంది. ఛీ. ఇంట్లో నా భార్య లారా ఫోన్ ఎత్తడం మానేసింది.

మార్చి 19
మసీదు తగలబెడదామంటున్నాడు ముఠా నాయకుడు స్ట్రౌడ్. పెట్రోలు డబ్బాలు తెచ్చి నాడీన్ గరాజ్‌లో పెట్టించాడు. నాడీన్ స్కూల్ క్యాంటీన్‌లో వంట చేస్తుంది. మొగుడు పోయాక ఆమెను పలకరించింది వీళ్లేనట. అందుకే చేరిందట.

మార్చి 27
గిన్నెలు కడుగుతూ నాడీన్ నన్ను పక్కకి పిలిచింది. నా వల్ల కాదు డేల్, ఆ మసీదుకెళ్లే పిల్లలకి రోజూ లంచ్ పెట్టేది నేనే కదయ్యా అంది. బోయిసీ నగరంలో ఉన్న కూతురు రమ్మంటోందట, వెళ్లిపోతుందట. స్ట్రౌడ్‌తో అనకు, నీకు పుణ్యముంటుంది అంది.
ఇంతమందిలో ఒక్కరికైనా బుద్ధొచ్చింది! సంతోషంగా ఆమె పక్కన నిలబడి గిన్నెలు తుడిచాను.

మార్చి 28, ఉదయం
చెబితే రెన్విక్ ఎగిరిపడ్డాడు. ఆవిడ పోతే డబ్బాలు ఇంకోచోటికి మారతాయి, ఎవిడెన్స్ మటాష్, ఎలాగైనా ఆపు అన్నాడు. కేసు లేకుండా ఆవిడ సంగతి తర్వాత నేను చూసుకుంటాలే అన్నాడు.

సాయంత్రం
ఆపాను. కూతురు ఎన్నాళ్లు చూస్తుంది నాడీన్, మేం తప్ప నీకెవరున్నారు అన్నాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత తను చేసిన యాపిల్ కేకు వేడిచేసి పెట్టింది. సిగ్గులేకుండా తిన్నాను.

ఏప్రిల్ 11
రెయిడ్ అయింది. మసీదుకి ఏమీ కాలేదు. స్ట్రౌడ్ దొరికాడు, డబ్బాలు దొరికాయి. గరాజ్ ఆమెది కాబట్టి నాడీన్ కూడా. ఎవరికీ అనుమానం రాకుండా నాకూ బేడీలేశారు. నాడీన్‌ని వ్యాన్ ఎక్కిస్తుంటే, డేల్‌ని వదిలేయండి సార్, వాడికేం తెలీదు అని ఒకటే అరుపు.
ఆమె సంగతి చూస్తానన్నారుగా అని రెన్విక్‌ని అడిగాను. ఏ సంగతి అన్నాడు.

అక్టోబర్ 6
కోర్టు. పోలీసుగా బోనెక్కాను. నాడీన్ వెళ్లిపోతానంటే ఆపింది మీరే కదా అని ఆమె లాయర్ అడిగాడు. ఔనంటే పోలీసులే ఇరికించారని కేసు కొట్టేస్తారు, స్ట్రౌడ్ కూడా తప్పించుకుంటాడని ప్రాసిక్యూటర్ ముందే బెదరగొట్టింది. గుర్తులేదన్నాను. నాడీన్ తల వంచుకుంది.

డిసెంబర్ 15
నాడీన్‌కి ఆరేళ్ల జైలు.

జనవరి 9
రెన్విక్ ఇంకో ఊరు, ఇంకో ముఠా చెప్పాడు. నా వల్ల కాదు, ఇంటికి పోతానన్నాను. భుజం మీద చెయ్యేశాడు. లారా కూడా నిన్ను వదిలేసి పోయిందిగా, మేం తప్ప నీకెవరున్నారోయ్ అన్నాడు.
ఇప్పుడు నా పేరు వేన్.