ఇచ్చి పరుగెత్తు

డుమర్‌టోలీ,
22 జనవరి 1996, సోమవారం.

అన్నయ్య పాత్రస్‌కి చెల్లెలు జూలియానా జోహార్.

ప్రభువు దయవల్ల ఇక్కడ అమ్మ, వదిన, నేను, గొడ్డూ గోదా అందరం బాగున్నాం. సరిహద్దు కాపలాలో, ఆ మంచుకొండల్లో నువ్వు కూడా కాళ్ళూ చేతులూ వెచ్చగా ఉంచుకుంటున్నావని అనుకుంటున్నాను. నీ డిసెంబరు ఉత్తరం క్రిస్మస్ అయిన పదకొండో రోజున అందింది. అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి చదవమంటే గొంతు పోయిందని తప్పించుకున్నాను.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. అమ్మ దగ్గు తగ్గింది. కానీ తగ్గిందని ఒప్పుకోదు. ఒప్పుకుంటే రాత్రిపూట ఇచ్చే తేనె ఆపేస్తామని భయం. వంటింటి మీద పగిలిన పెంకులు నేనూ వదినా ఎక్కి మార్చాం. ఎర్రెద్దు కుంటడం మానేసింది. ఈ ఏడు వడ్లు పోయినేటికన్నా రెండు బస్తాలు ఎక్కువే వచ్చాయి.

ఇక నీ చివరి ప్రశ్న. “అల్బీనా ఇంకా ఇంట్లో పని వదిలి కర్ర పట్టుకుని తిరుగుతోందా?” అని రాశావు. వదిన తిరుగుతోంది అన్నయ్యా. తిరిగి ఏం తెచ్చిందో చెప్పడానికే ఈ ఉత్తరం. వరసగా చెబుదామనుకున్నాను గానీ ఆగలేకపోతున్నాను. మొన్న శనివారం ఖస్సీ మనం గెలిచాం! పెద్ద ఖస్సీ! ఇద్దరు మోసినా మోయలేనంత పందెం మేకపోతు. మన ఊరి ఆడవాళ్ళ హాకీ జట్టు ఆటల హాస్టల్ జట్టుని ఓడించింది. ఒకటికి రెండు!

నువ్వు నమ్మవని తెలుసు. హాస్టల్ పిల్లలంటే ఎవరు? కాళ్ళకి బూట్లు, చేతుల్లో కొన్న కర్రలు, పొద్దునా సాయంత్రం పాలు. మనమేమో వెదురు దుబ్బుని వంచి చెక్కిన కర్రలతో, ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళం. ఎలా గెలిచామో చెప్పాలంటే బెర్నదెత్ పిన్ని దగ్గరనుంచి మొదలుపెట్టాలి.

పిన్ని రైల్వే జట్టులో పన్నెండేళ్ళు ఆడి, ఆ తర్వాత టికెట్ల కిటికీ దగ్గర కూర్చుని, మోకాళ్ళు అరిగిపోయాక పోయిన మార్చిలో ఊరికి వచ్చేసింది. తెచ్చుకున్న సామానల్లా ఒక ట్రంకు పెట్టె, ఒక ఈల, మూడు పాత కర్రలు, మడత కుర్చీ. ఇప్పపువ్వు ఏరడం అయిపోగానే మమ్మల్ని పిలిచి, కోసిన పొలంలో మొదళ్ళు పీకించి, గడ్డలు పగలగొట్టించి, ఊకతో గీతలు గీయించింది. తను కుర్చీలో కూర్చుంది. లేవకుండానే మా ప్రాణాలు తోడేసింది.

మొదటి వారం అసలు గోలు వైపు చూడనివ్వలేదు. ముగ్గురేసి, నాలుగు మూలల్లో మూడింట నిలబడాలి. బంతి ఇవ్వాలి, ఇచ్చిన మరుక్షణం ఖాళీగా ఉన్న మూలకి పరుగెత్తాలి. అంతే. పొద్దున్న గంటన్నర అదే పని. ఒకరోజు నేను బంతి ఇచ్చి, బాగా ఇచ్చానా లేదా అని చూస్తూ నిలబడ్డాను. వెంటనే ఈల మోగింది.

“ఏమ్మా జూలియానా, ఫొటో దిగుతున్నావా?”

“లేదు పిన్నీ, బంతి చేరిందో లేదో...”

“చేరితే ఆ పిల్ల చూసుకుంటుంది. నీ పనేంటి? ఇచ్చి పరుగెత్తు. ఇచ్చి నిలబడితే నువ్వు మనిషివి కాదు, గుంజవి. మేకని కట్టేస్తా నీకు!”

రెండో వారం నుంచి బంతిని రెండు తాకుళ్ళకి మించి ముట్టకూడదంది. ఒక తాకుడు ఆపడానికి, రెండోది పంపడానికి. నీకు తెలుసుగా, నేను నీ చెల్లెల్ని. బంతి దొరికితే నలుగురిని దాటించి గానీ వదలను. చిన్నప్పుడు మేకలు కాస్తూ నువ్వు నేర్పింది అదే కదా. మూడో తాకుడు తగిలితే గుట్ట ఎక్కి దిగాలని శిక్ష పెట్టింది. మొదటి రోజు నేను గుట్ట ఏడుసార్లు ఎక్కాను. మన గోలు కాసే ఎలిసబా అయితే, “జూలీ, అక్కడే గుడిసె వేసుకో, అన్నం పంపిస్తాం” అని ఒకటే నవ్వు.

“పాసు ఇచ్చేది భయస్తులు” అని నువ్వనేవాడివి. ఆ మాట పిన్నికి చెప్పాను. “మీ అన్నకి రాయి. మనిషి ఎంత గట్టిగా పరుగెత్తినా బంతిని మించి పరుగెత్తలేడు. అవతలివాళ్ళని బంతి వెనక పరుగెత్తించు, నువ్వు ఖాళీలోకి నడుచుకుంటూ వెళ్ళు” అంది. రాశాను, చదువుకో.

వదిన సంగతి అప్పటికి వేరుగా ఉంది. పోయిన జనవరి ఫైనల్లో, చివరి నిమిషంలో, ఖాళీ గోలు ముందు వదిన కొట్టిన బంతి పక్కకి పోయింది కదా. ఆ సంగతి నీకు నేనే రాశాను. అప్పటికి ఆమె మన ఇంటికి వచ్చి ఎనిమిది నెలలు. ఊరంతా ‘ఖాళీ గోలు కోడలు’ అని పేరు పెట్టారు. బావి దగ్గర చంటిపిల్లలు కూడా అదే పేరుతో పిలిచేవారు. నువ్వు ఆమెకి నాలుగు వాక్యాల ఉత్తరం రాశావు, అందులో మూడు తిట్లే. ఆ తర్వాత ఆమె కర్ర అటకెక్కింది.

బెర్నదెత్ పిన్ని ఒకరోజు మన చేను పక్కగా పోతూ, వదిన ఆవచేలో పడ్డ మేకని తోలడం చూసిందట. మేక ఎటు తిరగబోతుందో దానికన్నా ముందే వదిన అటు ఉందట. సరాసరి మన వాకిట్లోకి వచ్చి కుర్చీ వేసుకుంది.

“నీ కోడలు నాకు కావాలి.”

“ఆ పిల్లా? వద్దు బెర్నదెత్, ఒకసారి పోయిన పరువు చాలు” అంది అమ్మ.

“పరువు నాకొద్దు. కాళ్ళు కావాలి. పంపిస్తావా, ఇక్కడే కూర్చోమంటావా? నేను మధ్యాహ్నం భోజనానికి కూడా ఉంటా.”

అమ్మ పంపించింది.

పిన్ని చేసిన అసలు పని గుట్ట పరుగులో ఉంది. ఇద్దరిద్దరిని జంటలు కట్టింది. జంటలో వెనకబడ్డ మనిషి చేరిన సమయమే ఇద్దరిదీ. నన్నూ వదిననీ ఒక జంట చేసింది. మొదటి రోజు నేను రివ్వున ఎక్కేసి పైన కూర్చున్నాను. దిగివస్తే పిన్ని అడిగింది, “ఒక్కదానివే వచ్చావేం? మీ వదినని తోడేలు ఎత్తుకుపోయిందా? వెళ్ళి వెంటబెట్టుకుని రా.” మళ్ళీ ఎక్కాను. పది రోజులయ్యేసరికి నేను ఆమె అడుగు చప్పుడు వింటూ పరుగెత్తడం నేర్చుకున్నాను. వానలు వచ్చేసరికి ఆమె నన్ను లాక్కెళ్ళేది. అన్ని నెలల్లో వదిన నాతో పోయినేటి ఆట గురించి ఒక్క మాట అనలేదు. అది మాత్రం గుర్తుపెట్టుకో.

కోతలు అయ్యాక నడుం విరిగే పరుగు మొదలైంది. ఊకతో అయిదడుగులకి ఒక గీత, పదికి ఒకటి, పదిహేనుకి ఒకటి. మొదటి గీతదాకా వెళ్ళి వంగి కర్రతో నేల తాకి వెనక్కి, రెండోదాకా వెళ్ళి వెనక్కి, మూడోదాకా వెళ్ళి వెనక్కి. ఊపిరి తీసుకునేలోగా మళ్ళీ ఈల. ఆ వెంటనే, కాళ్ళు వణుకుతుండగానే, పక్కపక్కన పరుగెత్తుతూ పాసులు. “మనిషికి ఇవ్వకండి, మనిషి చేరబోయే చోటికి ఇవ్వండి!” అని అరిచేది. నేను మొదట్లో ఇచ్చిన బంతులన్నీ వదిన వెనకపడేవి. డిసెంబరుకి ఆమె ఎక్కడికి వెళ్తుందో నాకు చూడకుండానే తెలిసేది.

ఇక శనివారం. నాలుగూళ్ళ జనం, చెట్లనిండా మనుషులు, మాందర్ డోళ్ళు, నగారాలు. ఖస్సీని బంతిపూల దండ వేసి గుంజకి కట్టారు. పదో నిమిషంలోనే హాస్టల్ పిల్లలు గోలు వేశారు. గట్లమీద నవ్వులు. “ఇంటికెళ్ళి వడ్లు దంచుకోండమ్మా!” అని ఎవరో అరిచారు. విరామంలో పిన్ని మాకు బెల్లం ముక్కలు పంచి ఒక్కటే అడిగింది.

“అలిసిపోయారా?”

“లేదు పిన్నీ.”

“వాళ్ళ మొహాలు చూడండి. వాళ్ళు అలిసిపోయారు. ఇప్పుడు పరుగెత్తించండి.”

రెండో సగం చూడాల్సింది అన్నయ్యా! ఇచ్చాం, పరుగెత్తాం. ఇచ్చాం, పరుగెత్తాం. బూట్ల పిల్లలు బంతి దగ్గరికి వచ్చేసరికి అది ఇంకొకరి దగ్గర ఉండేది. ఒకసారి పదకొండు పాసులు వరసగా వెళ్ళాయి. జనం లెక్కపెట్టడం మొదలుపెట్టారు, “ఏడు! ఎనిమిది! తొమ్మిది!” అని. పన్నెండో దెబ్బ గోల్లో పడింది. అది కొట్టింది కుమ్మరి టోలీ నుంచి వచ్చే పదహారేళ్ళ రోష్నీ. ఆ పిల్ల ఏం చేసిందో తనకే అర్థం కాక నిలబడిపోతే పిన్ని కుర్చీలోంచి, “ఫొటో తర్వాత! వెనక్కి పరుగెత్తు!” అని అరిచింది.

చివరి నిమిషాల్లో బంతి నాకు దొరికింది. గోలు ముందు గీసిన అర్ధచంద్రం అంచున ఉన్నాను. ముగ్గురు నా మీదికి వచ్చారు. ముగ్గురినీ దాటగలననే అనిపించింది, నిజం చెబుతున్నాను. కానీ ఎడమవైపు వదిన కదిలిన చప్పుడు వినిపించింది. ఒక తాకుడుతో ఆపాను, రెండోదానితో ఆమె ఇంకా చేరని చోటికి పంపాను. ఆమె చేరింది. ఆపలేదు, చూడలేదు, అలాగే కొట్టింది. గోలు వెనక కట్టిన చేపల వల చిరిగి బంతి అవతల పొలంలో పడింది.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టాను. ఇంతవరకు రాయడానికి నాకేమీ కష్టం కాలేదు. ఇక రాయాల్సింది ఉంది.

అన్నయ్యా, పోయిన ఏడాది నేను నీకు రాసింది అబద్ధం. “వదినకి చక్కటి పాసు ఇచ్చాను, ఖాళీ గోలు ముందు పాడుచేసింది” అని రాశాను. నేను పాసు ఇవ్వలేదు. ఆ రోజు కూడా నా దగ్గరికి ముగ్గురు వచ్చారు. వదిన ఒంటరిగా నిలబడి, “జూలీ, ఇటు! ఇటు!” అని మూడుసార్లు పిలిచింది. విన్నాను. విని కూడా ఇవ్వలేదు. ఊరంతా నిన్ను ‘పాత్రస్, పాత్రస్’ అని అరిచినట్టు నా పేరు అరవాలని ఆశ. నేనే కొట్టాను. అది గోలుకీపరు కాళ్ళకి తగిలి, ఎగిరి, వదిన మోకాలి ఎత్తున వచ్చింది. అలాంటి బంతిని నువ్వయినా కొట్టలేవు. జనం దూరంనుంచి చూసింది ఆఖరి దెబ్బే. ఇంటికి వస్తూ అమ్మ అడిగితే, “నేనిచ్చాను, తనే...” అన్నాను. ఆ సగం మాట ఏడాదంతా బతికింది. వదినకి నిజం తెలుసు. కొత్తగా వచ్చిన కోడలు ఆడపడుచు మాట కాదంటే ఇల్లు ఏమవుతుందోనని నోరు మూసుకుంది. నీ ఉత్తరంలోని తిట్లు కూడా నోరు మూసుకునే చదువుకుంది.

శనివారం ఖస్సీ ఇచ్చేటప్పుడు ఊరిపెద్ద ముఖియా కాకా మైకులో వదినని పిలిచి, “ఖాళీ గోలు కోడలు ఇవాళ మచ్చ కడిగేసుకుంది!” అన్నాడు. అందరూ నవ్వారు, ప్రేమగానే. వదిన తల దించుకుంది. గెలిపించిన మనిషి తల దించుకుని ఖస్సీ తాడు పట్టుకుంది అన్నయ్యా. నేను తట్టుకోలేకపోయాను. వెళ్ళి కాకా చేతిలో మైకు లాక్కున్నాను.

“కడుక్కోవడానికి ఆమెకి మచ్చేం లేదు. పోయినేడు నేను పాసు ఇవ్వలేదు. ఇచ్చానని అబద్ధం చెప్పాను. ఆ పేరు నాది, నన్ను పిలవండి” అన్నాను.

నగారా వాయించేవాళ్ళు వాయించడం ఆపేసి నావైపు తిరిగారు. అప్పుడు వదిన వచ్చి నా జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. మైకు దగ్గరే ఉంది కాబట్టి అందరికీ వినిపించింది.

“ఒక్క పాసు ఇవ్వడానికి ఏడాది పట్టిందా నీకు?”

అంతే, జనం పగలబడి నవ్వారు. మాందర్లు మోగాయి. వదిన ఏడుస్తూ నవ్వుతోంది, నేను నవ్వుతూ ఏడుస్తున్నాను. ఎలిసబా మా ఇద్దరి మధ్యలోంచి ఖస్సీ తాడు లాక్కుని, “మీరు ఏడవండి, దీన్ని నేను చూసుకుంటా” అని నడిచింది.

అమ్మ దారిలో నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ సరిగా మాట్లాడటం లేదు, అది నాకు తగిందే. కానీ నిన్న ఖస్సీ కూర వడ్డించేటప్పుడు కార్జం ముక్కలన్నీ ఏరి వదిన ఆకులో వేసి, “తిను అమ్మా, కాళ్ళకి బలం” అంది. ఈ ఇంట్లో వదినని ఆమె ‘అమ్మా’ అనడం నేను వినడం అదే మొదలు.

ఇక నువ్వు చేయాల్సింది. నా మీద కోపం ఉంటే రెండు కాగితాలు నిండా రాయి, పడతాను. కానీ దానికన్నా ముందు వదిన పేరు మీద విడిగా ఒకటి రాయి. నాలుగు వాక్యాలు చాలవు.

ఇంకో సంగతి. ఆట చూడటానికి జిల్లా జట్టును ఎంపిక చేసే ఆవిడ వచ్చింది. ముగ్గురి పేర్లు రాసుకుంది, అందులో మొదటి పేరు అల్బీనా. ఫిబ్రవరి మూడున రాంచీలో శిబిరం, ఇరవై రోజులు. నా పేరు లేదు. నిజంగా నాకు బాధ లేదు, ఒకవేళ ఉన్నా పొద్దున్న గుట్ట ఎక్కేటప్పుడు పోయింది. ఇల్లూ గొడ్లూ నేను చూసుకుంటాను. అమ్మ అప్పుడే రాగిపిండి విసిరి మూట కడుతోంది. బెర్నదెత్ పిన్ని తన కర్రల్లో మంచిదాన్ని ఇచ్చేసింది.

వదిన వెళ్ళనా అని నిన్ను అడగమంది. నేను అడగడం లేదు అన్నయ్యా. వెళ్తోందని చెబుతున్నాను.

ఇట్లు,
తప్పు చేసిన, గెలిచిన
నీ చెల్లెలు
జూలియానా