పద్దెనిమిదో వరుసలో నీ పేరు

చెన్నయ్యన్నా,

ఇవాళ వనపర్తి ఆఫీసులో నీ మాట మీద పెద్ద వాదనే జరిగింది. నువ్వుంటే బీడీ పారేసి లోపలికొచ్చేవాడివి.

సబ్‌స్టేషన్ కోసం కంప్యూటర్ ప్రోగ్రాం రాస్తున్నామని చెప్తే, గోపాల్‌పేట దగ్గర కరెంటు స్తంభం దిగుతూనే అన్నావు, గుర్తుందా? "చెల్లె, పని అయిందని ఫోన్ల ఎవడైనా చెప్తడు. గా మాట నమ్మి కరెంటిస్తే పైనున్నోని పానం పోతది. ఎక్కినోడు కిందికి దిగి, వాడే చెప్పాలె. జర గిది రాసుకో."

రాసుకున్నాను. మా పట్టికలో ప్రతి కోరికకూ ఒక వరుస ఉంటుంది: ఎవరు అడిగారు, ప్రోగ్రాంలో ఎక్కడ చేశాం, ఎలా పరీక్షించాం. పద్దెనిమిదో వరుసలో అడిగినవారు, "లైన్‌మన్ చెన్నయ్య".

కొత్తగా వచ్చిన మేనేజరు, "ఎక్కిన మనిషే చెప్పాలంటే ఆలస్యమవుతుంది, తీసేయండి" అన్నాడు. నేను పట్టిక తెరిచి చూపించాను. అడిగిన మనిషి ఒప్పుకోకుండా వరుస తీసేయకూడదన్నది మా పద్ధతి.

"అయితే ఆయన్నే అడగండి," అన్నాడు.

మీ సబ్‌స్టేషన్ ఆపరేటర్ యాదగిరి కుర్చీలోంచి లేచాడు. "ఆయన పోయి ఇయ్యాల్టికి ఏడాది సార్. ఇగ ఎవల్ని అడుగుతరు?"

మేనేజరు ఆ వరుసను మళ్లీ చదివి, అలాగే ఉంచమని కింద సంతకం పెట్టాడు.

ఆ పద్ధతి పెట్టింది నేనేనన్నా. దాన్ని చూసి ఇంత గర్వపడింది మాత్రం ఇవాళే. రేపటి నుంచి ప్రోగ్రాం నడుస్తుంది. నువ్వొచ్చి సరే అనేదాకా ఆ వరుసను ఎవరూ ముట్టుకోరు.