కాశీలో వదిలిన నల్ల డబ్బా

మే 4, సోమవారం. పొద్దున 7 గంటలు.

నా పేరు ఆడెపు కనకవ్వ. భర్త పేరు రాజలింగం, ఆయన పోయి ఆరేళ్లు. నా వయసు డెబ్బై రెండు, ఒకటి అటూ ఇటూ. ఉండేది సిరిసిల్ల, బీవై నగర్. ఇంట్లో కొడుకు శ్రీధర్, కోడలు రత్నమాల, మనవరాలు వందన, వెనక రేకుల షెడ్డులో ఎనిమిది సాంచాలు. సాంచాలంటే మరమగ్గాలు. అవి ఆగిన రోజే మా ఇంట్లో ఎవరైనా మెల్లగా మాట్లాడతారు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే వందన రాస్తోంది. డిగ్రీ చదివే పిల్ల, పుస్తకాల భాషలోకి మారుస్తుంది. మార్చుకోనీ. సంగతి మాత్రం నాది.

సంగతి ఇది. మా వీధి ఆడవాళ్లం ఇరవై రెండు మందిమి బస్సు మాట్లాడుకుని కాశీకి పోయి నిన్ననే తిరిగొచ్చాం. కాశీకి పోయినవాళ్లు గంగలో నిలబడి, తమకు ఇష్టమైన తిండి ఒకటి వదిలిపెట్టాలి. మళ్లీ బతికినంతకాలం ముట్టకూడదు. అక్కడి పంతులు ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకామె కాకరకాయ వదిలింది. ఇంకొకామె బీట్‌రూట్ వదిలింది. మా ఎదురింటి గుండ రాజమణి పనసకాయ కూర వదిలింది. సిరిసిల్లలో పనసకాయ కూర వండిన ఇల్లు ఎవరైనా చూపించండి. నేను నవ్వాను. రాజమణి నడుంలోతు నీళ్లలో నిలబడి నా వైపు తిరిగింది.

"నవ్వుడు కాదక్కా. నువ్వు ఇడువు సూద్దాం, ఆ నల్ల డబ్బా."

నల్ల డబ్బా అంటే డైట్ సోడా. మా ఆయన ఉన్నప్పటి నుంచే నాకు షుగర్ ఉంది. డాక్టరు కూల్‌డ్రింకులు బంద్ చేయిస్తే, చక్కెర లేనిది ఒకటుందని మూడేళ్ల కింద శ్రీధర్ తెచ్చి అలవాటు చేశాడు. రోజుకు మూడు. పది గంటలకు ఒకటి, అన్నం తిన్నాక ఒకటి, సీరియల్ ముందు ఒకటి. ఆ రేకు లాగినప్పుడు వచ్చే 'స్స్' అనే చప్పుడు ఎనిమిది సాంచాల మోతలో కూడా నా చెవికి అందుతుంది.

ఇరవై ఒక్క మంది చూస్తున్నారు. దోసిట్లో గంగ తీసుకున్నాను. మా ఆయన పేరు మీద నల్ల డబ్బా వదిలేశాను.

ఆయన పేరు ఎందుకు ఎత్తానంటే, నలభై ఏళ్లు కాశీకి పోదాం పోదాం అన్నది ఆయన. ఈ బీము దిగనీ, పోదాం అనేవాడు. బీము అంటే సాంచాకు ఎక్కించే నూలు చుట్ట. ఒక బీము దిగేది, ఇంకో బీము ఎక్కేది. చివరికి ఆయన ఫోటో జాకెట్లో పెట్టుకుని నేను పోయాను. ఆయన కోసం అంటూ నేను విడిచింది ఇదొక్కటే.

ఈ నెల 17న ఆదివారం కాశీ సమారాధన. సీలు వేసి తెచ్చిన గంగ చెంబు ఆ రోజు తెరిచి, అందరి మీదా చల్లి, అన్నాలు పెడతాం. పెద్దదాన్ని కాబట్టి చెంబు నా చేతితో తెరవాలని బస్సులోనే అనుకున్నారు. ఆయన పేరు చెప్పి తెరుస్తాను. కానీ రాజమణి బస్సు దిగిన గంటకే, కనకవ్వ అప్పటిదాకా ఆగదని, మాట తప్పిన చెయ్యి గంగను ముట్టకూడదని ఇంటింటికీ చెప్పి వచ్చింది.

అందుకే ఈ నోటుబుక్కు. నేను ఏం తాగితే అది, గంటతో సహా రాయిస్తాను. సమారాధనలో అందరి ముందూ చదివిస్తాను. కింద వేలిముద్ర వేస్తాను.

ఈ రోజు ఇప్పటిదాకా తాగినవి: మంచినీళ్లు, మజ్జిగ, చక్కెర లేని చాయ్. సోడా అసలు గుర్తే రాలేదు.

మే 5, మంగళవారం.

10:00. మజ్జిగలో జీలకర్ర, ఉప్పు. అమృతం. సోడా కనిపెట్టినవాడి ఇంట్లో పాడి లేదేమో.

2:30. సబ్జా గింజల నీళ్లు. కప్ప గుడ్లు మింగినట్టుంది. చలువ అంటున్నారు.

6:00. నిమ్మకాయ నీళ్లు.

మూలమీది దుకాణం కుమార్ నన్ను చూసి, పెద్దమ్మా సల్లగ ఉన్నయి అని పిలిచాడు. ముఖం తిప్పుకున్నాను. ఈ వీధిలో ఆ డబ్బా తాగేది నేనొక్కదాన్నే. పాపం, అతని ఫ్రిజ్‌లో అవి ఎవరి కోసం చల్లబడుతున్నాయో.

రాజమణి తన గడప మీద కూర్చుని చూస్తూనే ఉంది. మజ్జిగ గ్లాసు ఎత్తి చూపించాను.

మే 6, బుధవారం.

తలనొప్పి. పొద్దున్నుంచీ.

వందన ఫోన్‌లో చూసి గ్రీన్ టీ కాచింది. గడ్డి ఉడికిన నీళ్లు. బర్రెకు పోయమన్నాను. మనకు బర్రె లేదంది.

జొన్న అంబలి తాగాను. మంచిదే. కానీ గొంతులో గుచ్చుకోదు. నాకు కావలసింది ఆ గుచ్చుకోవడం.

12:15. కుక్కర్ విజిల్ ఎత్తి 'స్స్' విన్నాను. మళ్లీ ఎత్తాను. రత్నమాల వచ్చి, పప్పు ఉడుకుతలేదు అత్తమ్మా, మీరు బయట కూసోండి అంది.

మే 8, శుక్రవారం.

కడుపు ఉబ్బింది. త్రేన్పు రావడం లేదు. మూడేళ్లుగా నా కడుపు ఆ సోడా మీదే ఆధారపడి ఉంది. ఇది రుచి విషయం కాదు, ఆరోగ్యం విషయం. వందనా, ఈ మాట పెద్ద అక్షరాలతో రాయి.

నిమ్మరసంలో వంటసోడా వేశాం. పొంగి గ్లాసు దాటి చాప మీద పోయింది. మిగిలింది సబ్బునీళ్ల రుచి.

బజారుకు పోయి ఉత్త సోడా తాగాను. త్రేన్పు వచ్చింది. సంతోషం రాలేదు.

మే 9, శనివారం.

10:00. తెల్ల డబ్బా ఒకటి.

ఎందుకో చెబుతాను. నేను కుమార్ దుకాణానికి కొత్తిమీర కోసం పోయాను. అతనే చెప్పాడు, అదే కంపెనీది తెల్లది ఉందని, నిమ్మకాయ వాసన అని, ఇందులోనూ చక్కెర లేదని. ఇప్పుడు నా వాదన వినండి. కాశీలో రాజమణి ఏమంది? నల్ల డబ్బా. నేను ఏం వదిలాను? నల్ల డబ్బా. ఇది తెల్లది. గంగమ్మ సాక్షిగా చెప్పిన మాటకు ఒక్క అక్షరం అటూ ఇటూ పోలేదు.

2:30. తెల్ల డబ్బా.

6:00. తెల్ల డబ్బా. కొత్తిమీర మర్చిపోయాను.

వందన పెన్ను ఆపింది.

"నాయినమ్మా, పనసకాయ కూర ఇడిసి పనస తొనలు తిన్నట్టున్నది గిది."

రాయమన్నాను. రాసింది. కానీ ఆ మాటతో తెల్లదాని రుచి పోయింది. ఈ పిల్లను చదివించింది నేనే.

మే 11, సోమవారం.

రాజమణి మా చెత్తబుట్టలోంచి తెల్ల డబ్బా తీసి, తోకపట్టి ఎలుకను చూపించినట్టు వీధికి చూపించింది. పది మంది చేరారు. నేను రంగు చూడండి అన్నాను. కొందరు చూశారు, తెల్లదే అన్నారు. రాజమణి ఒప్పుకోలేదు.

"కోక మార్సుకస్తె ఆమె వేరే ఆమె అయితదా అక్కా?"

డబ్బా ఆమె చేతిలోంచి లాక్కుని లోపలికి పోయాను. కొట్లాటలో నేను ముందు లోపలికి పోవడం ఈ వీధి ఎన్నడూ చూడలేదు.

నిర్ణయం: తెల్లది కూడా బంద్. ఈ దుకాణం నీడలో ఉంటే లాభం లేదు. కోరుట్లకు బిడ్డ లావణ్య దగ్గరికి పోతాను. నోటుబుక్కు ఇక్కడే ఉంటుంది, రోజూ ఫోన్‌లో చెబుతాను.

మే 12, మంగళవారం. కోరుట్ల నుంచి ఫోన్‌లో.

ఎవరి కళ్లూ లేవు. దుకాణం చాలా దూరం. హాయిగా ఉంది.

11:00. లావణ్య ఫ్రిజ్ తెరిచాను. తలుపులో నాలుగు నల్ల డబ్బాలు నిలబడి ఉన్నాయి. అల్లుడికి కూడా షుగర్ మొదలైందట. ఎవరూ చెప్పలేదు.

11:01. ఫ్రిజ్ మూశాను. ఇది రాసుకో వందనా. మూశాను.

లావణ్య వాటిని పక్కింట్లో దాచి వచ్చింది. సాయంత్రం అల్లుడు ఇల్లంతా వెతికాడు. అత్తగారిని ఏమీ అనలేక చాయ్ తాగి పడుకున్నాడు.

మే 13, బుధవారం. ఫోన్‌లో.

నిలబడ్డాను. తాగినవి: బార్లీ నీళ్లు, మజ్జిగ, రాగి జావ, మజ్జిగ. పొట్ట నీళ్ల ట్యాంకులా ఉంది.

రేపు జగిత్యాల మీదుగా కొండగట్టు పోతాను. అంజన్నను బలం అడుగుతాను. సముద్రం దాటినవాడికి ఒక డబ్బా దాటించడం ఎంత పని.

మే 14, గురువారం. ఫోన్‌లో.

జగిత్యాలలో బస్సు మారి పొద్దున తొమ్మిదికి కొండగట్టు చేరాను. దర్శనం బాగా అయింది. ఎండ బాగా ఉంది. కొండ దిగాక మంచినీళ్లు తాగాను. రెండుసార్లు. ఇంతే.

మే 15, శుక్రవారం. సిరిసిల్ల.

నిన్నటిది సరిగా రాయి. కొట్టెయ్యకు, అది అలాగే ఉండనీ, కింద ఇది రాయి.

కొండ కింద తాగింది మంచినీళ్లు కాదు. నల్ల డబ్బా. రెండు. మొదటిది నిలబడి ఒకే గుక్కలో. రెండోది బెంచీ మీద కూర్చుని, మెల్లగా. త్రేన్పు వచ్చింది. కాషాయం కట్టుకున్న అంజన్న స్వాములు నలుగురు తిరిగి చూశారు. ఆయన ఫోటో జాకెట్లోనే ఉంది. బయటికి తీయలేదు.

మా వీధివాళ్లు ఎవరూ చూడలేదు. నోటుబుక్కులో మంచినీళ్లు అని ఉంది. ఆదివారం అదే చదువుతారు, నేను చెంబు తెరుస్తాను, రాజమణి నోరు మూతపడుతుంది. దారంతా ఇదే లెక్క వేసుకుంటూ వచ్చాను. లెక్క బాగానే కుదిరింది. వేములవాడ దాటాక ఆయన గుర్తొచ్చాడు. షుగర్ వచ్చిన కొత్తలో నేను చాటుగా కూల్‌డ్రింకు తాగి వస్తే ఆయనకు తెలిసిపోయేది. ఏమీ అనేవాడు కాదు. గ్లాసు నీళ్లు తెచ్చి ఇచ్చేవాడు. తిట్టేవాడితో నేను ఎంతైనా కొట్లాడతాను. ఏమీ అననివాడితో ఎట్లా కొట్లాడాలి?

మే 16, శనివారం.

నల్ల డబ్బా, 10:00. ఎలాగూ తప్పింది.

నల్ల డబ్బా, 2:30.

నల్ల డబ్బా, 6:00. కుమార్ మళ్లీ మనిషయ్యాడు.

శ్రీధర్ సాంచాలు ఆపి వచ్చి పక్కన కూర్చున్నాడు. చుట్టాలందరినీ పిలిచామని, ఇంటి పరువని మెల్లగా చెప్పాడు.

"ఒక్క కాయితం చింపితె అయిపాయె అవ్వా. ఎవలకెర్క?"

"మీ బాపుకెర్క," అన్నాను.

మళ్లీ ఏమీ అనలేదు. తండ్రి పోలిక.

మే 17, ఆదివారం. సమారాధన.

పూజ అయ్యాక వందన మొత్తం చదివింది. కుక్కర్ దగ్గర నవ్వారు. తెల్ల డబ్బా దగ్గర ఇంకా ఎక్కువ నవ్వారు. కొండగట్టు దగ్గర ఎవరూ నవ్వలేదు.

నేను లేచి చెంబుకు దూరంగా కూర్చున్నాను. మా ఊరి పంతులు, అయితే మాట నిలుపుకున్నవాళ్లు ఎవరైనా వచ్చి, ఏం విడిచారో గంగ ముందు చెప్పి తెరవండి అన్నాడు. రాజమణి లేచింది. కొత్త చీర కట్టుకొచ్చింది, ముందే అనుకుని ఉంటుంది. చెంబు మూత మీద చెయ్యి వేసి, "నేను పనస..." అంది. వెనక నుంచి ఎవరో చిన్న పిల్ల, పనసకాయ అంటే ఎట్లుంటది అని తల్లిని అడిగింది. తల్లి చెప్పలేకపోయింది. రాజమణి చెయ్యి అక్కడే ఆగి, వెనక్కి వచ్చింది.

కాకరకాయ ఆమెను పిలిచారు. మోకాళ్ల నొప్పులని లేవలేదు. బీట్‌రూట్ ఆమె వంటల దగ్గరికి పోయింది. పంతులు అందరి ముఖాలూ చూశాడు. ఎవరూ లేవలేదు.

అప్పుడు నేను అన్నాను.

"ఇర్వై రెండు మందిల ఇడిసింది నేనొక్కదాన్నే. గందుకే తప్పింది గుడ నేనొక్కదాన్నే."

 తర్వాత రాజమణి నడుము దగ్గర తడుముకుని తంబాకు డబ్బీ తీసింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె దవడలో తంబాకు లేని పూట లేదు. మొగుడు తిట్టినా మానలేదు, పళ్లు ఊడినా మానలేదు. దాన్ని తెచ్చి చెంబు ముందు పెట్టింది.

"గిది ఇడుస్తున్న. పదకొండు రోజులు నువ్వు ఆగక్కా, నేను ఆగుత. ఇద్దరం కల్సి తెరుద్దాం."

గంగ దగ్గర తప్పినవాళ్లు గంగ ముందే మళ్లీ మొదలుపెట్టవచ్చా అని పంతులును అడిగాం. పప్పుచారు చల్లారుతోంది. నిరభ్యంతరంగా మొదలుపెట్టవచ్చన్నాడు.

చెంబు సీలుతోనే మళ్లీ దేవుడి అర మీదికి ఎక్కింది. అందరం అన్నం తిన్నాం.

మే 18, సోమవారం. మొదటి రోజు.

7:00. మంచినీళ్లు. ఆయన పేరు చెప్పుకుని తాగాను.

8:30. మజ్జిగ. అమృతం. సోడా గుర్తే రాలేదు.

9:40. రాజమణి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కోడలి మీద రెండుసార్లు అరిచి వచ్చిందట. మూడో రోజు చాలా కష్టంగా ఉంటుందని, అది దాటితే ఇంకా కష్టంగా ఉంటుందని ధైర్యం చెప్పాను. లవంగం ఇచ్చాను. కాసేపు నమిలి, గొంతు తగ్గించి అడిగింది.

"తంబాకు నోట్లకే గదక్కా ఇడిసింది. నస్యం ముక్కులకు పోతది."

వందనను ఇంకో నోటుబుక్కు తెమ్మన్నాను.

పైన ఉన్నదంతా నేను చెప్పగా రాసింది. చదివి వినిపిస్తే విని, సరే అని ముద్ర వేశాను.

ఆడెపు కనకవ్వ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
ఆడెపు రత్నమాల, కోడలు. సంతకం.
గుండ రాజమణి, ఎదురిల్లు. వేలిముద్ర. వేలికి నస్యం ఉండటం వల్ల ముద్ర కాస్త అలికింది.
రాసింది: ఆడెపు వందన.